గట్టు మీద కూలి

పన్నెండుమందిమి మడిలోన,
పదమూడోది గట్టు మీద.
బుగత లెక్కన
వంగిన నడుమే కూలి.
కూకున్న మడిసి కూలి కాదు.

నిరుడు సావనంలోన,
ఉభాల్రోజులు.
మా ఫోన్లన్నీ పాలితీన్ కవర్లో సుట్టి
కేరేజీ గిన్నెల సంచిలో ఎట్టి
గట్టు మీద ఒగ్గీసినాం.
బురద సేతుల్తో ఎవులు ముట్టుకుంటారు?
రెండు గంటలకాడ సంచిలో ఏదో కూసిందట,
మూడుసార్లు కూసిందట,
మేకలు కాసే గుంటడు తరవాత సెప్పినాడు.
"మీ మండలంలో పిడుగులు పడే అవకాశం.
పొలాల్లో ఉన్నవారు సురక్షిత భవనాల్లోకి వెళ్ళవలెను."
అచ్చరాలు అలాగే ఉన్నాయి, సల్లగా.
సదవడానికి దాలమ్మ నేదు.

బోనెల దాలమ్మ.
సినుకు పడితే తాటిసెట్టు కిందకి ఎల్లింది,
తడిస్తే జొరమొస్తాదని.
నానే ఎల్లమన్నాను.
ఈ మాట ఇప్పటిదాక ఎవులికీ సెప్పనేదు.
ఇదిగో, ఇప్పుడే.

ఈయేడు అసిరమ్మప్పని తెచ్చినాను.
దాని కుడిసేతి బొటనేలు
నూర్పుమిషను బెల్టు తినీసింది.
బొటనేలు నేనోలికి ఉభాలు పట్టవు.
సూసుకో, ఆకుని బురదలోకి దింపేది ఆ ఏలే.
"ఈ మొండిసెయ్యెట్టుకుని నానేటి సేస్తానే మేస్త్రీ?" అంది.
"ఆకాశం సూడు. ఫోను ఇను. అంతే" అన్నాను.
సదువు రాదు దానికి.
మనవడు మెసేజికి రైలుకూత ఎట్టీసినాడు.
కూతెడితే అది కేకెయ్యాల,
కేకేస్తే మావు బడికాడికి పరుగెత్తాల,
తాటిసెట్టు దిక్కు ఎవులూ సూడకూడదు.

గట్టు మీద కూకుంటే ఎన్ని కనబడతాయో!
వంగినోలికి కనబడేది
తన కాళ్ళూ, పక్కదాని కాళ్ళూనే.
అప్పకైతే మోటారు వైరు తెగి
కంచి మీద ఏలాడ్డం కనబడింది,
కట్లపాము గట్టు బొరియలోకి దూరడం కనబడింది,
పక్క సేనోడు ముక్కుకి తువ్వాలైనా నేకుండా
గాలికెదురుగా మందు కొడుతుంటే
"ఓరి గుంటడా, గాలి సూసుకోరా" అని అరిసింది.
ఆడు నవ్వీసినాడు.
రాత్రికి కక్కుకున్నాడట.

మొదటిరోజు పదకొండుకి కూతెట్టింది.
ఆకుముడులు ఒగ్గీసి
బురదలో పడతా లేస్తా
బడి అరుగెక్కినాం.
అయ్యోరు సదివి సెప్పినారు:
రీచార్జి అయిపోతాదట, నాల్రోజుల్లో.
నవ్వలేక సచ్చినాం.
బుగత నవ్వనేదు.
అరగంట కూలి కోసీసినాడు.

నాలుగోరోజు మళ్ళీ కూతెట్టింది.
సగంమంది లెగనేదు.
"ఇదీ రీచార్జేలే" అంది పైడితల్లి, నడుమెత్తకుండానే.
అసిరమ్మప్ప గట్టు దిగి, మడిలోకొచ్చీసి,
ఆ మొండిసేత్తో నా జబ్బ పట్టి లాగింది.
ఏటీ మాటాడనేదు.
నాలుగేళ్ళ పట్టు,
ఇప్పటికీ జబ్బ మీద ఉన్నట్టే ఉంటాది.

బడి అరుగు మీద
తడిసిన కోకలు పిండుకుంటా నిలబడ్డాం.
ఉరిమింది.
ఎలుతురొచ్చింది,
గోడ మీద ఒక్కసారే సున్నం కొట్టినట్టు.
గంటసేపు కురిసి తెరిపిచ్చింది.
మడికెల్లి సూస్తే
ఆకుముడులు ఏసినవి ఏసినట్టే.
తాటిసెట్టు తాటిసెట్టులాగే.

"ఏటయ్యిందని పరుగెత్తినారు?" అన్నాడు బుగత.
"ఏటీ అవ్వనేదు బాబూ."
"మరి ఆ ముసల్దానికి కూలి దేనికి?"
"దానికే."

ఆయనకి అర్దమయ్యిందో నేదో.
సాయంత్రం పన్నెండు కూలీలే లెక్కెట్టి
నా సేతిలో పోసినాడు.
తెర్లాం రోడ్డు కల్వర్టు మీద కూకుని
మడిసికి ముప్పై తీసినాం.
మూడొందలరవై.
మూడొందలేబై అప్ప కొంగున కట్టబోతే
సెయ్యడ్డం ఎట్టింది. తోసీసి కట్టినాం.
పది మిగిలింది.
రీచార్జికి దాసమంది పైడితల్లి,
నా మొకం సూడకుండా.