మూత మూస్తే నిద్రపోదు

తార్తూ స్టేషన్లో, మంచు దులిపిన బెంచీ మీద
లేలో ఒళ్ళో రెండు నెలల జీతం,
అప్పడమంత పల్చగా, వెండిరంగులో.

పుట్టింటి సిస్టమ్‌ని నిన్న రాత్రే తుడిచేసింది.
పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్
నల్లతెర మీద తెల్ల అక్షరాలై గబగబా దిగింది.

"అన్నీ పనిచేస్తున్నాయా?"
ఫ్లాస్కు మూత తిప్పుతూ రైమో.

అన్నీనా?
స్పీకరు మూగనోము పట్టింది.
కెమెరాకింకా చూపు రాలేదు.
వెలుగు తగ్గించే మీట నొక్కితే
ఎందుకో వైఫై పోతుంది.
మూత మూస్తే నిద్రపోదు,
దుప్పటి కింద దొంగనిద్ర నటించే పిల్లలా
సంచిలో వెచ్చగా మేలుకునే ఉంటుంది.

"మరెందుకిదంతా?"

లేలో జవాబు చెప్పలేదు.
రైలొచ్చింది.
సంచిని కోటు లోపలికి లాక్కుంది.
బయట మైనస్ పద్దెనిమిది.

పొట్టకి ఆనుకుని, బ్యాటరీ తాగేస్తూ,
ఒక్క మాటా వినని ఆ వేడి
పూర్తిగా తనది.