తరుగు

ఇరవై మూడు కిలోలు దాటొద్దన్నరు.
ఎనుమాముల యార్డుల, మిర్చి బస్తాల నడుమ
కాంటా మీద నా పెట్టె.

ఓదెలు మామ తువ్వాల ముక్కుకు సుట్టుకొని
అంకె సూశిండు:
"ఇరవై నాలుగున్నర. తరుగు తీద్దామా, బిడ్డా?"
హమాలీలు నవ్విన్రు. రైతులు నవ్వలే.
నేను తుమ్మిన.

రెండో జత బూట్లు బయటపెట్టిన.
మేం దిగబోయే ఇంటామెకు అమ్మ కొన్న
పెంబర్తి చెంబు మాత్రం తియ్యనియ్యలే.

పది రోజులు. జపాన్ల వాళ్లు
మట్టినెట్ల సాకుతరో సూసి రావాలె.
ఫారంల అడిగిన్రు: విత్తనాలున్నయా? మట్టున్నదా?
లేవు, లేదు. టిక్కు పెట్టిన.

రాత్రి పెట్టె చక్రం కిర్రుమంటే తిప్పి సూశిన.
ఇరుక్కొని ఒక మిర్చి గింజ.
పిన్నీసుతోని గీకి తీసిన.
మర్చిపోయి
అదే చేత్తోని కన్ను తుడుసుకున్న.