శివారు సిలిండరు

మార్టేరు లాకుల దగ్గర మా రేకుల షెడ్డులో
పాత పేపరు పరిచి నాలుగు ప్లగ్గులు పడుకోబెట్టాను.
ఏ గదిలోంచి తీసింది ఆ అంకె దగ్గరే.
కలిసిపోతే ఇక జాతకం చెప్పలేం.

తాతరాజు స్టూలు మీద మోకాలు ఊపుతున్నాడు.
రొయ్య కలిసొచ్చిన ఏడు కొన్న పాత ఎస్టీం.
హెడ్డు అరగదీయించాడు,
కోయంబత్తూరు నుంచి టర్బో తెప్పించాడు,
ఇప్పుడది నిలబడ్డచోటే
కట్టుతాడు తెంపుకునే కోడె.
"అన్నిటికన్నా చల్లటి ప్లగ్గులు వేసెయ్యక్కా,
రెండు మెట్లు కిందకి. డబ్బులకి చూడకు."

చల్లటిదంటే చల్లగా ఉండేది కాదు తమ్ముడూ.
ఇదిగో, ఈ పింగాణీ ముక్కు చూడు.
పొడుగు ముక్కుది
వేడిని లోపలే పెట్టుకుని నెమరేస్తుంది.
పొట్టి ముక్కుది
అంటిన వేడిని అంటినట్టే హెడ్డుకి అప్పజెప్పి
తన పని తాను చూసుకుంటుంది.
కరీముల్లా మేస్త్రి నాకిది నేర్పినప్పుడు
ఇద్దరు తోడికోడళ్ల పేర్లు చెప్పాడు.
ఆ పేర్లు నీకు చెప్పను,
ఇద్దరూ బతికే ఉన్నారు.

మరీ పొట్టిది వేశామనుకో.
పెనుగొండ నుంచి ఇక్కడికి ఎలా వచ్చావు నువ్వు?
ధాన్యం ట్రాక్టరు వెనక, బాతుల మంద వెనక,
కాలవగట్టు మీద, రెండో గేరులో, ఈసురోమంటూ.
అంటిన మసి కాలిపోవడానికి ఆ వేడి చాలదు.
నెల తిరక్కుండా
కొబ్బరి డొక్కల పొయ్యి మీద కుండడుగు అయిపోతుంది.
ఇంజను బలం చూసే కాదు,
అది తిరిగే దారి చూసి కూడా కొనాలి.

ఒక్క మెట్టు చాలు.
సందు మాత్రం దగ్గరికి కొడతాను,
గేజీ రేకు పట్టీ పట్టనట్టు కదిలేలా.
టర్బో గాలి తోసుకొచ్చిందంటే
సందు ఎక్కువున్న నిప్పు ఆరిపోతుంది.
పంటు మీద సరంగు బీడీ ముట్టించడం చూళ్లేదూ,
దోసిలి ఎంత దగ్గరగా మూస్తాడో.

రాత్రి పదకొండుకి సిద్ధాంతం వంతెన.
తొక్కు. వదలకు. వదలకు.
ఇప్పుడు క్లచ్ నొక్కు,
తాళం ఒక్క గీత వెనక్కి.
అంత రొదా ఒక్కసారి తెగిపోయింది.
కారు తన బరువుతో తానే పోతోంది.
కింద వశిష్ఠ ఇసుక తిన్నెల్ని ఒరుసుకునే చప్పుడు
అప్పుడుగానీ వినపడలేదు.

వంతెన దాటి పక్కకి ఆపాం.
పాత చొక్కా చేతికి చుట్టుకుని ఒక్కోటీ విప్పాను,
ఏసోబు సెల్‌ఫోను లైటు పట్టాడు.
ఒకటోది పనసగింజ రంగు.
రెండోది అదే.
మూడోది అదే. తాతరాజు ఈల వేశాడు.

నాలుగోది తెల్లగా
ఎండగట్టిన రొయ్యల చెరువు అడుగున ఉప్పు పొంగినట్టు,
చిన్న చిన్న పొక్కులు.

"ఆ ఒక్కదానికీ ఇంకో మెట్టు దింపేద్దాం అక్కా."

మొగల్తూరు దిగువన మాకు ముప్పై సెంట్లు.
కాలవకి అన్నిటికన్నా చివర.
పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితే మాది.
ప్రతి దాళ్వాకీ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి
తక్కువ నీళ్లు తాగే విత్తనం వేసుకోండమ్మా
అని చెప్పి పోయేవారు.
మా అమ్మ తలూపేది.
లస్కరు ఇంటివైపు చూసేది.

ప్లగ్గుది తప్పు కాదు తమ్ముడూ.
నాలుగో గదికి పెట్రోలు అందడం లేదు.
పొద్దున్నే పైపు విప్పుతాను,
ఎక్కడ పూడిందో చూడాలి.
ఈ పూటకి మెల్లిగా పోదాం,
బాతుల వెనక పోయినట్టు.

నా గుడ్డలోంచి దాన్ని తీసుకున్నాడు.
ఇంకా కాలుతోంది.
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ,
కింద పడెయ్యకుండా,
లైటు కింద తిప్పి తిప్పి చూస్తున్నాడు.
బిగించాలి, ఇలా ఇవ్వు అన్నాను.
చాలాసేపు ఇవ్వలేదు.