ముప్పై మూడు

రాళ్లవాన పడ్డ నాలుగో నాటికి
ట్యాబు చంకల పెట్టుకొని పోయిన.
ఊటగుంట్ల శివారు, డిండి వాగుకు ఇవతలి పక్క.
దారి పొడుగునా బత్తాయి రాలి
లారీ బోల్తా పడ్డట్టు పచ్చగ పరుచుకొనున్నది.

నా కొలువు లెక్క రాసుడు.
ఏ సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఎంత పోయింది.
నూటికి ముప్పై మూడు పోతే నష్టం.
ముప్పై రెండు పోతే
అది వాన. అంతే.

జంగారెడ్డి మడిల వరి
ఈతచాప పరిచినట్టు పండుకొనున్నది.
గట్టు మీద కుర్చీ ఏసుకొని కూసున్నడు.
"మీరొచ్చి చూసేదాక ఒక్క కర్ర ముట్టొద్దని
మా అల్లుడు ఫోన్ చేసిండు మేడం."
ఫోటో కొట్టిన. డెబ్బై అని రాసిన.
అబద్ధం కాదు. నిజంగనే డెబ్బై పోయింది.

గట్టు దాటితే పుట్టపాక ఈదమ్మది.
ఎకరం పది గుంటలు.
అక్కడ
వరి నిలబడున్నది.

దగ్గరికి పోయి చూస్తే
నాలుగేసి దుబ్బులు కలిపి
నడుముకు గడ్డితోటే ముడేసి
ఒకదాని భుజానికి ఒకటి ఒరగబెట్టున్నది,
బడి పోరగాండ్లను ప్రార్థనకు నిలబెట్టినట్టు.
మూడు రోజులు, ఒక్కతే, పిక్కల బంటి బురదల.
వరి ఆకు కోసిన వేళ్లకు పసుపు పెట్టుకున్నది.
రాలిన గింజను సుత చీపురుతోటి ఊడ్చి
చాటల ఎత్తుకున్నది, కోళ్లకన్న అయితయని.

"ఎందుకు లేపినవమ్మా?"
నా నోట్లెకెల్లి వచ్చిన మాటే అది.
వ్యవసాయం డిగ్రీ చదివిన నోరు.

ఆమె కోపం చేయలే.
ఈ పిల్లకు మాట సరిగ్గ రాదేమో
అన్నట్టు చూసింది.
"పడ్డదాన్ని లేపకుంటె
ఎట్ల బిడ్డా?"

మీటరు చట్రం ఏసి ఎన్నులు లెక్కబెట్టిన.
ముప్పై ఒకటి.
ఇంకో తావుల ఏసిన. ముప్పై.
గెట్టు పొంటి ఏసిన. ముప్పై రెండు.
నాలుగోసారి చట్రం లేపితే
"ఎన్నిసార్లేస్తవు, తొక్కుడు పడ్తున్నది" అన్నది
నా కాళ్ల దిక్కు చూసుకుంట.

ట్యాబు మీద రెండు పక్కనే మూడు ఉంటది.
వేలు జారితే చాలు.
కొత్త కొలువు. మళ్ల పైనుంచి తనిఖీ వస్తదన్నరు.
జారలే.

దసరా ముందర పైసలు పడ్డయి.
కల్లు కాంపౌండు కాడ, కటింగ్ షాపుల, కిరాణంల
ఫోన్లు టింగుటింగుమన్నయి.
జంగారెడ్డి రైతువేదికకు బాలుషాహి డబ్బా తెచ్చిండు.
నేనూ ఒకటి తిన్న.

మర్నాడు ఈదమ్మ వచ్చింది,
పాసుబుక్కు యూరియా సంచి ముక్కల చుట్టుకొని.
"నా పేరు యాడున్నదో సదువు బిడ్డా."
లేదని తెలుసు.
తెలిసే మొదటి పేరు కాడికెల్లి చదివిన.
నూట నలబై ఆరు పేర్లు.
పేరు పేరుకూ ఆమె తల ఊపింది.
వాళ్లందరి గట్లు ఆమెకెరుకే,
ఎవలి బోరు ఎప్పుడెండిందో ఎరుకే.

"అయిపోయినయా?"
"అయిపోయినయి."
కొంచెంసేపు గోడ దిక్కు చూసింది.
"మైసయ్యను మర్వలే, మంచి పని చేసిన్రు.
ఆనిది మొత్తమే పాయె పాపం."
పాసుబుక్కు మళ్ల చుట్టుకొని
యూరియా ఎప్పుడొస్తదని అడిగి
పోయింది.

ఆ నాటి ఫోటో ఇంకా ట్యాబుల ఉన్నది.
పైకి పంపలే. దాన్ని పెట్టే గడి లేదు.
అండ్ల నష్టం కానరాదు.
చేను నిలబడున్నది, మెడలు వంచుకొని.
పెద్దగ చేసి చూస్తే
కుడి అంచుకు రెండు పసుపు వేళ్లు
ఇంకో దుబ్బు నడుముకు
ముడేస్తున్నయి.