తొక్క నూనె

మా అమ్మ వేళ్ల మీద గీతలు లేవు.
బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా
కాశీబుగ్గలో జీడిగింజలు కొట్టీ కొట్టీ
ఆ నల్లటి జిగురు పదిహేడేళ్లపాటు నమిలేసింది.
ఆధార్ తీసే కుర్రాడు మూడుసార్లు మిషను తుడిచి
"అమ్మా, వేలు పెట్టావా?" అన్నాడు.
పెట్టింది.
పొద్దున్నించీ అక్కడే పెట్టి ఉంచింది.

ఇప్పుడు అదే నూనెను నేను
గోరంత సీసాల్లో, ఫ్రీజర్లో దాచుకుంటాను.
శ్రీకాకుళంలో మూడో అంతస్తు లేబు,
కరెంటు పోతే ముందు ఇంక్యుబేటర్ వైపు పరుగెత్తే ఉద్యోగం.
తొక్కలోంచి ఒక ఆమ్లాన్ని విడదీసి
ఎలుక కణాల మీద చుక్కలు చుక్కలుగా వేస్తాం.

ఆ కణాలు ఇంకా ఏమీ కాలేదు.
సన్నగా, పొడుగ్గా,
ఒకే చాప మీద పడుకున్న పిల్లల్లా ఆనుకుని ఉంటాయి.
ఇన్సులిన్ పోసి, ఇంకో రెండు మందులు పోసి
ఇక కొవ్వు కణాలు కండి అని చెప్తాం.
ఎనిమిదో రోజుకి మాట వింటాయి.
ఒళ్లు గుండ్రమై, లోపల బొట్టు పక్కన బొట్టు
దాచుకోవడం మొదలెడతాయి
చీటీ కట్టే ఆడవాళ్లలా,
రేపటి మీద నమ్మకం లేనట్టు.

మంగళవారం ఎర్ర రంగు వేసి చూశాను.
మందు వేయని పళ్లెం మిరపపళ్లు ఆరబోసిన కళ్లం.
తొక్క ఆమ్లం తగిలిన పళ్లెంలో
ఎరుపు అక్కడొకటి, ఇక్కడొకటి.
మిగతావి చచ్చాయేమోనని
రెండోసారి లెక్కపెట్టాను.
బతికే ఉన్నాయి,
నిండడానికి ఒప్పుకోకుండా.

ఆదివారం ఆ ఫోటోతో కాశీబుగ్గ బస్సెక్కాను.

అమ్మ గడపలో మోకాళ్లు చాపుకుని కూర్చుంది.
ఎనభై తొమ్మిది కిలోలు.
ఆరింటికి పీట మీద కూర్చుంటే చీకటి పడ్డాక లేచే పని,
ఇంటికొస్తే రేషను బియ్యం, ఎండుచేప.
గేటు దగ్గర కొంగు దులిపించి మరీ పంపేవారు,
వలిచిన పప్పులో ఒక్క బద్ద
నోట్లో వేసుకున్న పాపాన పోలేదు.
మరి ఈ ఒళ్లు ఎక్కడిదని
పెద్దాసుపత్రి డాక్టరు అడిగితే
చేతులు చీర మడతల్లో దాచుకుని నవ్వింది.

"నీ సేతులు కాల్చిన నూనేనమ్మా,
కొవ్వుని ఆపుతాదేమో.
ఇప్పటికింకా పళ్లెంలోనే."

కళ్లద్దాలు నుదుటి మీంచి దింపి
ఆ ఖాళీ కణాల్ని చాలాసేపు చూసింది.
"ఒలే గుంటా,
దాసుకోనీకుండా ఆటికి తలుపేసేసినావు, బాగుంది.
తిన్నదైతే తిన్నదే గదా.
మరా కొవ్వు ఎటెల్తాదే?"

మా సార్ అడగలేదు ఈ మాట.
డబ్బులిచ్చే కమిటీ
రెండు గంటలు కూర్చుని, జీడిపప్పు తిని,
అడగలేదు.
కాలేయంలో చేరుతుందో, నెత్తుట్లోనే తిరుగుతుందో,
కరిగే దారేదైనా ఉందో.
తెలీదని చెప్పాను.

"తెల్సుకో" అంది పులుసు మూత తీస్తూ,
"ముందు తిను."

తిరుగు బస్సులో, టెక్కలి దాటాక,
నోటుబుక్కులో తర్వాతి ప్రయోగం రాసుకున్నాను.
కాలేయ కణాలు. అదే మోతాదు. ఎనిమిది రోజులు.
ప్రశ్న ఎవరిదో రాసే గడి మా పుస్తకాల్లో ఉండదు.
అంచున, గీత బయట,
తామాడ దమయంతి అని రాసి
పక్కన ఒక వేలిముద్ర పట్టేంత
చోటు వదిలాను.