డబ్బా పరీక్ష

కార్తీకం. మూడు రోజులుగా ముసురు.
కృష్ణపట్నం యార్డులో ఇనప పొడి గుట్టలు
తడిసిన ఎనుముల్లా పడుకోనున్నాయి.
పట్టా కప్పామంటారు ఒకవైపు,
గాలి రెండోవైపు ఎత్తి చూపిస్తుంది.

నా పని చిన్నది.
ఒక ఖాళీ డబ్బా, సగానికి ఇనప పొడి, గట్టి బల్ల.
జానెడు ఎత్తు నించి దబ్బున కొట్టాలి,
ఇరవై ఐదు సార్లు.
ఆనక పైభాగం చూడాలి.
మొదట ఎట్టా ఉందో అట్టాగే ఉంటే సరే.
తడి మెరిస్తే
ఓడ ఆగాలి.

ఈ చదువు నాకు ల్యాబులో రాలేదు.
చిన్నప్పుడు కండలేరు అలివి దగ్గర
అల వెనక్కి పోయిన ఇసుక మీద
ఒకే చోట తొక్కుతా నిలబడేవాళ్ళం.
బండలాంటి ఇసుక
పది తొక్కులకు జావయ్యేది,
మడమలు దిగేవి,
"ఒరే, మింగతా ఉందిరా!" అని
నవ్వుకుంటా పరిగెత్తేవాళ్ళం.

మాకు కాళ్ళున్నాయి.
యాభై వేల టన్నులకు లేవు.

నేను కొట్టే ఇరవై ఐదు దెబ్బలు
సముద్రం నాలుగు నిమిషాల్లో కొట్టేస్తుంది,
పగలూ రాత్రీ, పద్దెనిమిది రోజులు.
గోదాములో పొడి జావై ఒక పక్కకు జారుతుంది,
అల తిరిగొచ్చినా అది తిరిగి రాదు.
పైన ఇనప మూతలు బిగిసే ఉంటాయి,
అడుగున చిల్లు ఒక్కటీ ఉండదు.
ఓడ మునగడానికి
నీళ్ళు బయటి నించే రావాలని లేదు.

"ఏందబ్బయా, తేమ ఎనిమిదని కాయితం ఉండాది గదా,
బెర్తు బాడుగ నువ్వు కడతావా?"
సూపర్‌వైజరు పెంచల్రావు గొడుగు కింద నిలబడి అడిగాడు.
"కాయితం తడవలేదు సార్,
గుట్ట తడిసింది" అన్నాను.

తనే పోయి పట్టా కింద అంచు నించి గుప్పెడు తెచ్చాడు.
కొట్టాను. పొడిగానే ఉంది.
ఆయన నవ్వాడు.

నేను గుట్ట నడుమ మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాను.
పంతొమ్మిదో దెబ్బకే
డబ్బాలో బల్బు వెలిగింది,
పైన వేలాడే బల్బు, తలకిందులుగా.

నిచ్చెన దిగొచ్చిన ఫిలిప్పీన్సు మేటు
మా ఇద్దరి మాటా వినలేదు.
బొటనవేలు పెట్టి నొక్కాడు,
గుంటలో నీరూరింది.
మా తాత పట్టా కాయితాల మీద వేసినంత
స్పష్టమైన వేలిముద్ర.
మళ్ళీ నిచ్చెనెక్కి పోయాడు.

ఓడ పదకొండు రోజులు ఆగింది.
నన్ను బొగ్గు వైపు మార్చారు,
రోజుకి నూటపాతిక తగ్గించి.
ఎండ కాసినాక మళ్ళీ కొట్టి చూశారో,
చూడకనే నింపారో, నాకెవరూ చెప్పలేదు.
కొన్నాళ్ళు పేపర్లో
మూలన ఉండే చిన్న వార్తలు చదివాను.

డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను.
కడిగి, మా ఆవిడ అందులో ఉప్పు పోసింది.
ముసురు పడితే ఉప్పు చెమ్మగిల్లుతుంది.
అన్నం ముందు కూర్చొని
ఊరికే బల్ల మీద కొడతా ఉంటాను.
"చల్లారిపోతాంది, తినవయ్యా" అంటుంది.

ఇరవై నాలుగు దగ్గర
ఎవరు పిలిచినా పలకను.