గ్యాస్ కాదు

తలుపు తీయగానే అందరిదీ ఒకటే మాట:
"గ్యాస్ అయిపోయింది, నింపి వెళ్లు."
బాస్రాలో జూలై. మధ్యాహ్నం రెండు.
గుడ్డ అడ్డం లేకుండా ఇనుప గేటు ముట్టుకోలేం.
ఈ వేళప్పుడు వాదనకు దిగకూడదు.
ముందు గ్లాసుడు నీళ్లు అడుగుతాను,
తర్వాత నిచ్చెన వేస్తాను.

మా ఉస్తాద్ అబూ గజ్వాన్ అనేవాడు:
గ్యాస్ ఏమన్నా చాయిలో చక్కెరా,
తాగిన కొద్దీ తరిగిపోవడానికి?
తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడ్డట్టే.
చిల్లి వెతక్కుండా నింపేవాడు
మెకానిక్ కాదు, జేబుదొంగ.

వుజ్దాన్ గారింట్లో
ఫిల్టర్ లాగితే
పోయిన వారపు దుమ్ముతుఫాను మొత్తం
దుప్పటిలా ఊడి నా ఒళ్లో పడింది.
దాని వెనక రాగిగొట్టాల మీద మంచు,
ఇంత ఎండలో,
వేలెడు మందాన.
గాలి ఆడక గడ్డకట్టిందమ్మా,
చల్లదనం ఆపి ఉత్త ఫ్యాను తిప్పండి, కరుగుతుంది.
ఇది పదిహేను రోజులకోసారి కడగండి.
ఆరబెట్టేది నీడలో, ఎండలో అయితే వంకర పోతుంది.
ఇది నా పని కాదు, మీది.

ఆమె మామగారు హాజీ మిజ్బాన్
ఒకప్పుడు షత్ అల్ అరబ్‌లో ఓడలకు దారి చూపినవాడు.
ఇప్పుడు ఎడమ చెవి వినబడదు.
మేడ మీదికి నా వెనకే ఎక్కి వచ్చి
బయటి పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.
"ఇంజను చెవికి అబద్ధం చెబుతుంది,
చేతికి చెప్పదు" అన్నాడు.
"ఊ అంటోంది. లేవడం లేదు."
నిజమే. మూత విప్పితే
కెపాసిటర్ పొట్ట ఉబ్బిపోయి ఉంది
పెళ్లిభోజనం అరగనివాడిలా.
ఇటు సర్కారు కరెంటు పోతుంది,
అటు వీధి జనరేటర్ నీరసంగా వస్తుంది,
మధ్యలో చచ్చేది ఇదే.
కరెంటు మారినప్పుడల్లా మూడు నిమిషాలు ఆగి వేయండి హాజీ.
ఆయన తస్బీ పూసలు చూపించాడు:
"మూడు నిమిషాలంటే
ఒకటిన్నర చుట్టు."
పెట్టె మీద ఆరేసిన తివాచీని
ఇద్దరం కలిసి తీసేశాం.
వేడి కక్కడానికి దానికీ నోరుండాలి కదా.

ఇక మిగిలింది నీళ్లు.
గోడ వెంట కారి, సున్నం ఉబ్బి,
పిల్లాడి మంచం పక్కన బకెట్.
"దీని సంగతి ముందు చూడు" అంది వుజ్దాన్.
నీళ్లు పోయే గొట్టంలో పాచి ఉంటుంది,
ఒక్కోసారి కందిరీగ గూడు.
తీగ దూర్చి లాగాను.
వచ్చింది గుడ్డ పీలిక.
నలుపు తెలుపు గళ్లు.
హాజీ భుజం మీది రుమాలుకు
ఒక మూల లేదు.

ఆయన నా వైపు చూడలేదు.
మేడ మూల నిమ్మమొక్క వైపు చూశాడు.
మా ఊళ్లో నల్లా తిప్పితే ఉప్పు,
ఆ ఉప్పుకు ఎన్ని తోటలు ఎండాయో ఆయనకు తెలుసు.
గాలిలోంచి పిండిన నీళ్లకు ఉప్పుండదు.
గొట్టం తెరిస్తే అవి వీధిపాలు,
మూస్తే బకెట్‌లోకి.
రాత్రి అందరూ పడుకున్నాక
బకెట్ మోసుకుని పందొమ్మిది మెట్లు.

"ఏముంది లోపల?" కింద నుంచి వుజ్దాన్.
"పాచి" అన్నాను.
గ్యాస్ విషయంలో ఎన్నడూ ఆడని అబద్ధం
అంత సులువుగా ఎలా వచ్చిందో.

ఈ గదికి పైకప్పే నిమ్మ ఉన్న మేడ,
నీళ్లు పైకి ఎక్కవు.
పెరటి నీడలోకి కుండీ దించుదామన్నాను.
ఇద్దరం దించాం, మెట్టు మెట్టుకీ ఆగుతూ.
కొత్త గొట్టం రెండు మీటర్లు కోసి
వాలు చూసి, మొదట్లోకి వదిలాను.
ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి
మొదటి చుక్క దాకా
అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

బిల్లు రాశాను:
కెపాసిటర్ ఒకటి, గొట్టం, కూలి.
గేటు దగ్గర డబ్బు లెక్కపెడుతూ
వుజ్దాన్ అడిగింది:
"పాచి ఏ రంగు?"
"ఆకుపచ్చ."
"మా ఇంట్లో మాత్రం
గళ్లగళ్లుగా పడుతుందిలే" అంది,
మొహంలో ఎక్కడా నవ్వు లేకుండా.